ఒలికిందా? ముందు ఆగండి

ల్యాబ్‌లో కల్చర్, అంటే సూక్ష్మజీవుల్ని పెంచిన ద్రవం, ఒలికిన మరుక్షణం ఎవరి చెయ్యయినా టిష్యూ రోల్ మీదికే పోతుంది. ఎంత చదువుకున్నవాళ్లయినా అంతే. ఫ్లాస్క్ పగిలిన చప్పుడు చెవిన పడీ పడకముందే వంగి తుడవడం మొదలుపెడతారు. కొత్తగా చేరినవాళ్ల చేత నేను మొట్టమొదట మాన్పించే అలవాటు ఇదే. ఎలా తుడవాలో తర్వాత చెప్తాను, ముందు తుడవకుండా ఉండటం నేర్చుకోమంటాను.

మైక్రోబయాలజీ ల్యాబ్‌ను చూసుకోవడం నా ఉద్యోగం. ప్రయోగాలు చేసేది పరిశోధక విద్యార్థులు. ఆటోక్లేవ్ (ఒత్తిడిలో ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) సరిగ్గా నడిచిందా, హుడ్ (గాలిని లాగి వడకట్టే పని పెట్టె) సర్టిఫికెట్ గడువు దాటిందా, బ్లీచ్ సీసా మీద తేదీ ఉందా, వాడేసినవి వేసే డిస్కార్డ్ జార్ పొంగేలా ఉందా, ఇవీ నా తలనొప్పులు. మాది బయోసేఫ్టీ లెవెల్ 2 ల్యాబ్. అంటే మేం పట్టుకునే సూక్ష్మజీవులు మనిషికి జబ్బు చేయగలవు కానీ వాటికి చాలావరకు చికిత్స ఉంది, గాలిలో ఇట్టే పాకే రకం కావు. నేను రాసేదంతా ఆ స్థాయి ల్యాబ్ సంగతే. లెవెల్ 3లో పద్ధతులు వేరు, అక్కడివాళ్లకు నా సలహాలు అక్కర్లేదు కూడా.

ఎందుకు ఆగమంటానంటే, ఒలికినదంతా నేల మీద కనిపించదు. ద్రవం ఎత్తు నుంచి పడి గట్టి నేలకు తగిలితే చిట్లుతుంది. పెద్ద చుక్కలు బెంచీ కాళ్లకూ బూట్లకూ అంటుకుంటాయి. చిన్న తుంపర్లు గాలిలో ఉండగానే వాటిలోని నీరు ఆరిపోయి, ఇంకా చిన్నవై తేలుతుంటాయి. ఐదు మైక్రాన్ల కంటే చిన్నవైతే ఊపిరితిత్తుల అట్టడుగుదాకా పోగలవు. మడుగుకు మూరెడు దూరంలో ముఖం పెట్టి గబగబా తుడిచేవాళ్లు సరిగ్గా ఆ తుంపర మధ్యలోనే ఊపిరి పీలుస్తుంటారు.

1976లో పైక్ అనే ఆయన ల్యాబ్‌లలో పనిచేస్తూ జబ్బు అంటించుకున్నవాళ్ల వివరాలు పోగుచేశాడు. మొత్తం 3,921 కేసులు. వాటిలో ఇదిగో ఈ ప్రమాదం వల్ల వచ్చింది అని వేలెత్తి చూపగలిగినవి ఐదో వంతు కూడా లేవు. మిగతావాళ్లకు సూది గుచ్చుకోలేదు, సీసా పగల్లేదు, అయినా జబ్బు వచ్చింది. వాటిలో చాలావాటికి కంటికి కనిపించని తుంపర్లే కారణమై ఉంటాయని ఈ రంగంలోవాళ్లు అప్పట్నుంచీ అనుకుంటున్నారు. నా మటుకు నాకు ఈ ఒక్క లెక్క చాలు, ఎవరైనా ‘చిన్న స్పిల్లే (ఒలకడమే) కదా మేడమ్’ అంటే వినకుండా ఉండటానికి.

ఇటీవల మా దగ్గర జరిగింది చెప్తాను. ఒక అబ్బాయి షేకర్‌లోంచి (ఫ్లాస్క్‌లను ఊపుతూ కల్చర్ పెంచే యంత్రం) రాత్రంతా పెరిగిన స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కల్చర్ తీస్తున్నాడు. ఫ్లాస్క్ మెడ తడిగా ఉండి గ్లవ్స్‌లోంచి జారింది. షేకర్ తలుపు అంచుకు తగిలి, నేల మీద పడి పగిలింది. నేను పక్క గదిలో ఉన్నాను. చప్పుడు వెంటే కేక వినిపించింది.

‘స్టాఫ్ పడింది, రెండొందల ఎంఎల్! అందరూ బయటికి రండి!’

పేరు, పరిమాణం, ఏం చేయాలి. మూడూ ఒక్క కేకలో వచ్చేశాయి. నేను నేర్పినదాన్ని ఇంత పొందికగా ఎవరైనా అప్పజెబుతారని నేనే అనుకోలేదు. గదిలో ఉన్న మిగతా ఇద్దరూ ఊపిరి బిగబట్టి బయటికొచ్చారు, చివరివాళ్లు తలుపు లాగి మూశారు. ఆ అబ్బాయి ప్యాంటు మీద మోకాలి కింద చిన్న చిన్న తడి మచ్చలున్నాయి. తలుపు బయటే నిలబెట్టి కోటు విప్పించాను. తడి భాగం లోపలికి మడిచి బయోహజార్డ్ సంచిలో వేశాం, బూట్లు కూడా అందులోకే. తర్వాత వెళ్లి ప్యాంటు మార్చుకుని, కాళ్లు సబ్బుతో కడుక్కుని వచ్చాడు. ఇలాంటి రోజు కోసం ల్యాబ్‌లో ఒక మార్పుడు జత ఉంచుకోమని నేను పోరుతుంటే అందరూ నవ్వుతుంటారు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

తలుపు మీద ‘స్పిల్, లోపలికి రావద్దు’ అని కాగితం అంటించి, టైము రాసి, అరగంట ఆగాం. ఆ అరగంటే అన్నిటికంటే కష్టం. లోపల షేకర్ నడుస్తూనే ఉంది. ఒకమ్మాయి పీసీఆర్ ట్యూబులు ఐస్ మీద ఉన్నాయి. ‘ఒక్క నిమిషం వెళ్లి తెచ్చుకుంటాను మేడమ్, వాటి దగ్గర ఏమీ పడలేదు’ అని బతిమాలింది. పంపలేదు. ఐస్ కరిగితే ప్రయోగం మళ్లీ చేసుకోవచ్చు. తేలుతున్న తుంపర్లు కిందికి దిగడానికీ, గదిలో గాలి కొన్నిసార్లు మారడానికీ ఈ వ్యవధి ఇస్తారు. ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో లెక్క ఉండొచ్చు గానీ ఎక్కువ చోట్ల పెట్టుకునేది 30 నిమిషాలే.

తర్వాత నేనూ ఆ అబ్బాయీ రెండేసి జతల గ్లవ్స్, కొత్త కోట్లు, కళ్లద్దాలు, మాస్కులు, బూటు తొడుగులు వేసుకుని లోపలికెళ్లాం. ముందు మడుగు దగ్గరికి పోలేదు. చుట్టూ ఎంతదాకా చిందిందో చూశాం. షేకర్ తలుపు మీద, కింది అర అంచున, ఎదురుగా ఉన్న కుర్చీ చక్రాల మీద కూడా మచ్చలు కనిపించాయి. కంటికి కనిపించినదానికి ఇంకో అడుగు కలుపుకొని హద్దు అనుకున్నాం. ఆ హద్దు లోపలంతా పేపర్ టవళ్లు పరిచి, అంచుల నుంచి మధ్యకు గుండ్రంగా బ్లీచ్ పోశాం. మధ్యలోంచి మొదలుపెడితే కల్చర్ బయటికి జరుగుతుంది, చోటు ఇంకా పెరుగుతుంది. పై నుంచి ధారగా కుమ్మరించినా, స్ప్రే కొట్టినా మళ్లీ తుంపర లేస్తుంది. మూతి దగ్గర పెట్టి నెమ్మదిగా వంచాలి. కాగితం తడిసి నేలకు అతుక్కుంటుంది, అలా అతుక్కుంటేనే మందు జారిపోకుండా అక్కడే నిలుస్తుంది.

బ్లీచ్ లెక్క దగ్గర కాస్త ఆగాలి. మా ల్యాబ్‌కొచ్చే ప్రతి ఒక్కరూ ఇక్కడే తడబడతారు.

ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్లు నీళ్లు అని అందరికీ నోటికొచ్చు. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 5.25 శాతం అని ఉంటే అలా కలిపింది అర శాతానికి కాస్త పైన, సుమారు 5,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు). అయితే సీసాలన్నీ ఒకటి కావు. 4 శాతానివి వస్తాయి, 8 దాటినవీ వస్తాయి. లేబుల్ చదవకుండా ఒకటికి తొమ్మిది అని కళ్లు మూసుకుని కలిపితే చేతికొచ్చేది ఏదో ఒక ద్రావణం. ఇంకో సంగతి, ఆ అర శాతం సీసాలో ఉన్నంతవరకే. 200 ఎంఎల్ కల్చర్ మీద 200 ఎంఎల్ పోస్తే అది సగానికి దిగిపోతుంది. మిగిలిన ఆ సగాన్ని కూడా కల్చర్ మీడియం తినేస్తుంది. ట్రిప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ లాంటి వాటిలో ఉన్న ప్రొటీన్ ముక్కలన్నీ క్లోరిన్‌తో కలిసిపోతాయి, సూక్ష్మజీవికి మిగిలేది కొంచెమే. రక్తం ఒలికినా ఇదే బాధ. అందుకే పెద్ద మడుగుకు నేను పలచన చేసింది వాడను. సీసాలోంచి నేరుగా పోసి, మడుగుతో కలిశాక మొత్తంలో బ్లీచ్ పదో వంతుకు తగ్గకుండా చూసుకుంటాను. పలచనది చుట్టుపక్కల చిందిన మచ్చలకూ, రెండోసారి తుడవడానికీ.

ఇంత పట్టింపు ఎందుకంటే ఒక్కసారి సంఖ్యలు చూడండి. రాత్రంతా పెరిగిన కల్చర్‌లో ఒక ఎంఎల్‌కు సుమారు 100 కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. 200 ఎంఎల్ అంటే 20,000 కోట్లు. 99.9 శాతం చచ్చాయనుకుందాం, లేబుల్ మీద చూస్తే గొప్పగా కనిపించే సంఖ్యే. ఇంకా 20 కోట్లు బతికుంటాయి. శాతాల్లో మాట్లాడటం మానేసి ఎన్ని సున్నాలు తగ్గాయో లెక్కపెట్టుకోమంటాను. మూడు సున్నాలు తగ్గడం బెంచీ తుడుపుకు సరిపోతుందేమో గానీ, ఫ్లాస్క్ మొత్తం పగిలినప్పుడు సరిపోదు.

మందు పోశాక మళ్లీ ఆగాలి, ఈసారి 20 నుంచి 30 నిమిషాలు. ఈ రెండో ఆగడాన్ని ఎగ్గొట్టేవాళ్లు చాలామంది. పోసి, ఐదు లెక్కపెట్టి, తుడిచేస్తారు. క్లోరిన్ ప్రొటీన్లను చెడగొట్టడానికీ, కణం లోపలికి దిగడానికీ సమయం పడుతుంది. ఆ సమయమంతా అక్కడ తడి ఉండాలి. మధ్యలో ఆరితే ఇంకొంచెం పోయాలి. మేం టైమర్ పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి, మాటల్లో పడ్డాం. ఆ అబ్బాయి తన థీసిస్ మూడో అధ్యాయం కష్టాలన్నీ ఆ అరగంటలోనే చెప్పుకున్నాడు.

గాజు ముక్కల్ని పటకారుతో ఏరాం, చేత్తో ఒక్కటీ ముట్టుకోలేదు. రెండు గ్లవ్స్ ఉన్నా సరే. గాజు చర్మంలో దిగితే ఆ గాయంలోకి ఏం వెళ్తుందో తెలిసిందే. ముక్కలు గుచ్చుకోని గట్టి డబ్బాలోకి, తడి కాగితాలు బయోహజార్డ్ సంచిలోకి. తర్వాత తాజాగా కలిపిన బ్లీచ్‌తో ఇంకోసారి తుడుపు, పది నిమిషాలాగి నీళ్లతో ఒకసారి. ఈ నీళ్ల తుడుపు షేకర్ కోసం. బ్లీచ్ స్టీలును తినేస్తుంది, ఒకసారి తుప్పు చుక్కలు పడ్డాయంటే ఇక ఆ సందుల్లో మురికి చేరుతూనే ఉంటుంది. బ్లీచ్‌తో తడిసినదాన్ని ఆటోక్లేవ్‌లో వేయకూడదు, వేడికి క్లోరిన్ వాయువు బయటికొస్తుంది. మా దగ్గర ఆ సంచులు విడిగా, రసాయన వ్యర్థాల దారిలో పోతాయి.

ఇక స్ప్రే బాటిల్. ప్రతి బెంచీ మీదా 70 శాతం ఇథనాల్ ఉంటుంది, ప్రతి ఒక్కరికీ దాని మీద అంతులేని నమ్మకం. గ్లవ్స్ మీద, బెంచీ మీద, పిపెట్ మీద, కొందరైతే ఒలికిన కల్చర్ మీద కూడా పన్నీరు చల్లినట్టు చల్లేసి పని అయిపోయిందనుకుంటారు. ఇథనాల్ మంచిదే. 70 శాతం 95 కంటే బాగా పనిచేస్తుందన్నదీ నిజమే. ప్రొటీన్లు విరగడానికి నీళ్లు కావాలి. నీళ్లు లేని ఆల్కహాల్ కణం పైపొరను గడ్డకట్టించి ఆగిపోతుంది, పైగా ఇట్టే ఆవిరైపోతుంది. అయితే 70 శాతం కూడా పలచగా చల్లితే నిమిషంలోపే ఆరిపోతుంది. బాసిల్లస్, క్లాస్ట్రిడియం లాంటి బ్యాక్టీరియా గట్టి కవచంతో నిద్రపోయే రూపాలను, అంటే స్పోర్లను, అది ఏమీ చేయలేదు. స్పోర్లు ఆల్కహాల్‌లో హాయిగా కూర్చుంటాయి. కొవ్వు పొర లేని వైరస్‌లలో కొన్నిటి మీద, ఉదాహరణకు నోరోవైరస్ మీద, దాని బలం అంతంతమాత్రం. మడుగు మీద పోస్తే గదంతా మండే ఆవిరి. శుభ్రంగా ఉన్న బెంచీని పనికి ముందూ తర్వాతా తుడవడానికీ, బ్లీచ్ మరక తీయడానికీ వాడుకోండి. స్పిల్‌కు మాత్రం దాని జోలికి పోవద్దు.

క్వాటర్నరీ అమ్మోనియం మందులు, ల్యాబ్‌లో అందరూ క్వాట్స్ అనేవి, వాసన బాగుంటాయి, లోహాన్ని తినవు. స్పోర్ల మీదా, టీబీ జాతి బ్యాక్టీరియా మీదా, పొర లేని వైరస్‌ల మీదా నమ్మడానికి లేదు. పలచన చేసి నెలల తరబడి ఉంచిన సీసాలో సూడోమోనాస్ పెరగగలదు. అంటే ఆ సీసాతో తుడిస్తే బెంచీకి కొత్త బ్యాక్టీరియాను పూసినట్టే.

బ్లీచ్‌కూ ముసలితనం ఉంటుంది. వెలుతురు, వేడి, గాలి దాన్ని నీరసపరుస్తాయి. పలచన చేసినది మా దగ్గర ఆ రోజుకే, సాయంత్రం పారబోస్తాం. సీసా లోపలికి వెలుతురు పోనిదై ఉండాలి. తేదీ లేని సీసా కనిపిస్తే లోపల ఏముందో అడగను, సింక్‌లోకి వంచేస్తాను. ఈ విషయంలో నాకు ల్యాబ్‌లో మంచి పేరు లేదు. ‘ఇంకా వాసనొస్తోంది కదా మేడమ్’ అంటారు. వాసన బలానికి కొలత కాదు, అతి కొద్ది క్లోరిన్‌నైనా ముక్కు పట్టేస్తుంది. తమాషా ఏమిటంటే, ఈ పని మొదలైందే వాసనతో. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్వైస్ డాక్టర్ల చేత క్లోరిన్ సున్నం నీళ్లతో చేతులు కడిగించినప్పుడు బ్యాక్టీరియా సంగతి ఎవరికీ తెలియదు. శవాల గదిలో చేతులకు పట్టిన కంపు దేనితో పోతుందో చూసి ఆయన దాన్ని ఎంచుకున్నాడు. ప్రసూతి వార్డులో చావులు అమాంతం తగ్గాయి. ఆయనకు కలిసొచ్చింది కదా అని మనం ముక్కును నమ్ముకోలేం.

బ్లీచ్ గురించి అన్నిటికంటే ముఖ్యమైనది మా ల్యాబ్‌లో ఎర్ర స్టిక్కర్‌గా మారింది. ఆర్ఎన్ఏ, డీఎన్ఏ తీసే కిట్లలోని లైసిస్ బఫర్లలో, అంటే కణాలను పగలగొట్టే ద్రావణాల్లో, గ్వానిడిన్ లవణాలుంటాయి. గ్వానిడిన్ థయోసయనేట్ మీద బ్లీచ్ పడితే హైడ్రోజన్ సయనైడ్, సయనోజెన్ క్లోరైడ్ లాంటి విషవాయువులు పుడతాయి. ఒకసారి ఒక కొత్త అమ్మాయి అలాంటి కిట్ వాడాక మిగిలిన వ్యర్థాన్ని అలవాటుగా బ్లీచ్ ఉన్న డిస్కార్డ్ జార్‌లో ఒంపబోతుంటే పక్కనున్న సీనియర్ మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ అమ్మాయిని ఎవరూ తప్పుపట్టలేదు. అన్నిటికీ బ్లీచ్ అని ఆమెకు చెప్పినవాళ్లం మేమే. ఆ మధ్యాహ్నమే గ్వానిడిన్ ఉన్న ప్రతి సీసాకూ ‘బ్లీచ్ తగలకూడదు’ అని స్టిక్కర్ అంటించాం, ఆ వ్యర్థానికి వేరే సీసా పెట్టాం. అలాంటి బఫర్ ఒలికితే ముందు కాగితంతో పీల్చి, డిటర్జెంట్ నీళ్లతో బాగా కడిగి, ఆ తర్వాతే క్రిమిసంహారకం. బ్లీచ్‌కు యాసిడ్ తగిలితే క్లోరిన్, అమోనియా తగిలితే క్లోరమిన్లు. ఈ రెండూ చాలామందికి తెలుసు, గ్వానిడిన్ సంగతే తెలియదు.

హుడ్ లోపల ఒలికితే కంగారు తక్కువ, తప్పులు ఎక్కువ. మొదటి తప్పు, భయపడి స్విచ్ ఆపేయడం. ఫ్యాన్ నడుస్తున్నంతసేపు తుంపర్లు లోపలే ఉండి హెపా ఫిల్టర్‌కు (అతి సన్నని రేణువుల్నీ పట్టే వడపోతకు) చిక్కుతాయి. ఆపేస్తే అవన్నీ మీ ముఖం వైపు తీరిగ్గా వస్తాయి. నడవనిచ్చి, చేతులు నెమ్మదిగా కదుపుతూ కాగితం పరిచి, మందు పోసి, ఆగి, తుడిచి, గోడలూ ముందున్న జాలీ కూడా తుడవాలి. జాలీలోంచి కిందికి కారిందంటే అడుగున ఉన్న ట్రేలోకి చేరుతుంది. చాలామందికి అక్కడొక ట్రే ఉందన్న సంగతే తెలియదు. పైన పలకను ఎత్తి చూపిస్తే ఆశ్చర్యపోతారు. దాంట్లోనూ మందు పోసి ఆగాలి. అంతా అయ్యాక ఇంకో పది నిమిషాలు ఫ్యాన్‌ను అలాగే వదిలేయాలి. మామూలుగా వాడే ఏ2 రకం హుడ్ సుమారు 70 శాతం గాలిని మళ్లీ లోపలే తిప్పుతుంది. హెపా ఫిల్టర్ రేణువుల్ని పడుతుంది గానీ ఆవిరిని పట్టదు. కాబట్టి లోపల ఆల్కహాల్ గుమ్మరించి, పక్కన బర్నర్ వెలిగించుకోవడం మంట కొనితెచ్చుకోవడమే. ‘యూవీ వేసేస్తాను’ అని ఊరుకునేవాళ్లున్నారు. ఆ దీపం 254 నానోమీటర్ల వెలుగు పడిన చోటే పనిచేస్తుంది. నీడలో, మురికి పొర కింద, మడుగు లోపల దాని ఆటలు సాగవు. దీపం మీద దుమ్ము ఉన్నా అంతే.

అన్నట్టు, హుడ్‌ను లామినార్ అనే అలవాటు మానుకోవాలి. అడ్డంగా గాలి వీచే లామినార్ బెంచీ మీ ప్లేట్లను కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. అందులోని గాలి నేరుగా మీ ఛాతీకే తగులుతుంది. జబ్బు చేసే కల్చర్‌ను అక్కడ తెరిస్తే స్పిల్ కాకముందే స్పిల్ అయినట్టు.

ట్యూబులను వేగంగా గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ మాట వస్తే నేను చెవులు రిక్కించమంటాను. నున్నగా సాగే గుయ్‌మనే శబ్దంలో ఒక్కసారి గరగర వచ్చిందంటే ట్యూబ్ పగిలిందనే అనుకోవాలి. ఆపేయండి, మూత తెరవకండి. లోపల అది కల్చర్‌ను పొగమంచులా చేసి ఉంటుంది. 30 నిమిషాలు మూసి ఉంచి, తర్వాత ట్యూబులు పెట్టే బకెట్లను మూతలతో సహా హుడ్‌లోకి తీసుకెళ్లి తెరవాలి. మూతల్లేని రోటర్‌తో (లోపల తిరిగే చక్రంతో) జబ్బు చేసే కల్చర్ తిప్పడానికి నేను ఒప్పుకోను, ఎవరి డెడ్‌లైన్ ఎంత దగ్గరున్నా సరే. అల్యూమినియం రోటర్‌కు బ్లీచ్ తగలనివ్వను. పైకి కనిపించకుండా గుంటలు పడి, ఏదో ఒక రోజు అంత వేగంలో రోటరే విచ్చుకుపోవచ్చు. రోటర్‌తో వచ్చిన పుస్తకంలో ఏ మందు పడుతుందో రాసి ఉంటుంది, దాన్నే వాడాలి.

ఒంటి మీద పడితే ఈ లెక్కలేవీ వద్దు. సబ్బు, పారే నీళ్లు. కళ్లలో పడితే ఐవాష్ దగ్గర రెప్పలు వేళ్లతో తెరిచిపట్టుకుని 15 నిమిషాలు. చర్మం మీద బ్లీచ్ రుద్దకూడదు, గుచ్చుకున్న చోట పిండకూడదు. వెంటనే చెప్పాలి. మనిషి రక్తం గుచ్చుకుంటే ఇంకా త్వరగా. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. ఎండిపోయిన రక్తపు మరకను తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఒక మాట. హెపటైటిస్ బి వైరస్ మామూలు గది వేడిలో, బల్ల మీద, కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు.

వెంటనే చెప్పడం గురించి నాకో కోపం ఉంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట పగిలిన గాజుకు డబ్బు కట్టించుకునేవాళ్లు, అందరి ముందూ పేరు చదివేవాళ్లు. అక్కడి స్పిల్ రిజిస్టర్ తెల్లగా మెరిసిపోయేది. తనిఖీకొచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లేవాళ్లు. రాత్రిపూట ఎవరూ లేనప్పుడు ఏం ఒలికేదో, ఎవరు ఏ కాగితంతో తుడిచి ఏ చెత్తబుట్టలో వేసేవాళ్లో, నేల తుడిచే ఆమె ఉత్త చేతుల్తో దేన్ని ఎత్తేదో ఆ రిజిస్టర్‌లో లేదు. ఇప్పుడు మా రిజిస్టర్ నిండుగా, అసహ్యంగా, కొట్టివేతలతో ఉంటుంది. ఏం ఒలికింది, ఎంత, ఎక్కడ, ఏ మందు, ఎంతసేపు, ఎవరిమీదైనా పడిందా అని రాస్తాం. ఎందుకు పడింది అన్న గడిలో ‘ఫ్లాస్క్ మెడ తడి’ అని రాస్తాం, మనిషి పేరు రాయం. స్టాఫ్ ఫ్లాస్క్ తర్వాత షేకర్ పక్కన ఒక టవల్ రోల్, ఒక ప్లాస్టిక్ ట్రే వచ్చి చేరాయి. ఇప్పుడు ఫ్లాస్క్‌లు ట్రేలోనే ప్రయాణం చేస్తాయి.

ఏడాదికోసారి డ్రిల్ చేస్తాం. నీళ్లలో అతినీలలోహిత కాంతికి మెరిసే రంగు ఫ్లోరెసీన్ కాస్త కలిపి, బెంచీ ఎత్తు నుంచి నేను ప్లాస్టిక్ సీసాను కావాలనే తోసేస్తాను. వాళ్లు పద్ధతి ప్రకారం అంతా చేసి, శుభ్రమైందని చెప్పాక, లైట్లు ఆర్పి అతినీలలోహిత టార్చ్ వేస్తాం. పోయినసారి పచ్చటి చుక్కలు ఎక్కడెక్కడ కనిపించాయంటే, పడిన చోటుకు రెండు మీటర్ల దూరాన సొరుగు పిడి మీద, ఒకరి కళ్లద్దాల కాడ మీద, స్పిల్ కిట్ డబ్బా మూత మీద. డబ్బా మూత మీదికి ఎలా వచ్చిందో అందరికీ అర్థమైంది. ముందు మడుగు దగ్గరికెళ్లి చూసి, అదే గ్లవ్స్‌తో వచ్చి కిట్ తెరిచారు. కిట్ అప్పటిదాకా గది లోపల, సింక్ కింద ఉండేది. గదిలోంచి పరుగెత్తుకుని బయటికొచ్చినవాళ్లు కిట్ కోసం మళ్లీ లోపలికే వెళ్లాలన్న సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు దాన్ని తలుపు బయట గోడకు తగిలించాం. అందులో బ్లీచ్ సీసా గడువు ఎప్పుడో మూత మీద పెద్ద అక్షరాలతో రాశాం, పటకారును దారంతో డబ్బాకే కట్టేశాం. కట్టకముందు అది ప్రతి నెలా ఎవరి బెంచీ మీదో దొరికేది.